బుధవారం డిస్కు

మొన్న మా కోడలు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, చూపిద్దామని బొల్లారం నుంచి వచ్చింది. పళ్ళెమంత పల్చగా ఉంది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కల్లో వేలితో తడుముతుంటే, ఏం వెతుకుతున్నారత్తమ్మా అని అడిగింది. డిస్కు పెట్టే అర ఎక్కడుందీ అన్నాను. ఇప్పుడవి రావట్లేదంది. పాత అలవాటు కొద్దీ అడిగాననుకుని ఉంటుంది ఆ పిల్ల. నాకు మాత్రం మూడేళ్ళ కిందటి ఎండాకాలం, అప్పుడు నేను చేసిన ఒక పాడుపని గుర్తుకొచ్చాయి. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

మాది లాలాగూడలో మామగారు కట్టిన ఇల్లు. కింద మేము, పైన మా ఆయన అన్నగారు, ఆయన భార్య. ఆమె నాకు యారాలు. తోటికోడలనే మాట మా ఇళ్ళలో అంతగా వినబడదు. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా పోట్లాడుకోలేదు. యారాళ్ళంటే మీలా ఉండాలని వీధిలో వాళ్ళు అంటుంటారు. పోట్లాడుకోని ఆడవాళ్ళ మధ్య ఎంత పేరుకుంటుందో వీధిలో వాళ్ళకేం తెలుసు. అక్కకు పిల్లలు కలగలేదు. నాకు ఒక్కడే కొడుకు. నాది సికింద్రాబాదులో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. పొద్దున రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేసరికి బావ సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు, తర్వాత మా ఆయన, తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా, గొడుగు సర్దుకుని నేను. కాన్పు సెలవు అయిపోగానే పిల్లాణ్ణి అక్క చేతుల్లో పెట్టి బస్సెక్కాను. వాడు మాటలు నేర్చినప్పుడు అక్కను అమ్మ అన్నాడు. నన్ను ఆఫీసమ్మ అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆఫీసులో చెప్పి అక్కడివాళ్ళనూ నవ్వించాను. నవ్వించి వచ్చి, స్నానాల గదిలో నల్లా పూర్తిగా తిప్పి కాసేపు కూర్చున్నాను.

బావకు ఒక వీడియో కెమెరా ఉండేది. దాన్ని తెల్ల తువాలులో చుట్టి బీరువా పైన పెట్టేవాడు. ఎవరూ ముట్టుకోకూడదు. అక్క దుమ్ము దులపడానికి కూడా దాన్ని కదిలించడానికి లేదు. పండగైనా, ఎవరింట్లో గృహప్రవేశమైనా బావ ఒక కన్ను మూసుకుని దాని వెనక నిలబడేవాడు. చాలా ఏళ్ళకు ఆ టేపులు పాడవుతాయని ఎవరో చెబితే, మారేడ్‌పల్లిలో ఒక స్టూడియో అతనికిచ్చి అన్నిటినీ డివిడీలు చేయించాడు. ముప్పై రెండు డిస్కులు. ఒక్కొక్కదాని మీద మార్కరుతో నంబరు, సందర్భం రాసి, వరసగా ఒక స్టీలు డబ్బాలో పెట్టి, పురుగులు పడతాయేమోనని రెండు నాఫ్తలిన్ గోళీలు వేశాడు. డిస్కులకు పురుగులేమిటని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. వాటిలో ఏడో నంబరు మా అందరికీ కంఠస్థం. అందులో ఆదివారం పూట నేను గడపలో కూర్చుని తల ఆరబెట్టుకుంటుంటే మా వాడు మంచంకోడు వదిలి నా దగ్గరికి నాలుగడుగులు వేసి వస్తాడు. అవి వాడి మొదటి అడుగులు. వెనక అక్క చప్పట్లు కొడుతూ ఉంటుంది. ఇంట్లో ఏ చుట్టం వచ్చినా ఏడో నంబరు పెట్టాల్సిందే. వాడి పాలు, వాడి అన్నం, వాడి నిద్ర అన్నీ అక్కవే అయినా మొదటి అడుగు మాత్రం నా వైపు వేశాడని నాకొక పెద్ద ధీమా. కడుపు మండినప్పుడల్లా దాన్ని తలుచుకునేదాన్ని.

మా వాడు పెళ్ళయ్యాక బొల్లారంలో వేరే కాపురం పెట్టాడు. కోడలు వాడి చిన్నప్పటి వీడియోలు చూస్తానందట. వాళ్ళింట్లో డివిడి ప్లేయరు లేదు. ఎవరింట్లోనూ లేదు. నేను అప్పుడే రిటైరయ్యాను. మా పాత కంప్యూటరుకు డిస్కు పెట్టే అర ఉంది. ఒక ఆదివారం వాడొచ్చి అందులో ఏదో సాఫ్ట్‌వేర్ వేసి, డిస్కు పెట్టడం దగ్గర్నుంచి ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి పంపడం దాకా ఒక్కొక్క మెట్టూ క్యాలెండరు కాయితం వెనక రాసిచ్చాడు. డిస్కులో ఉన్నది ఉన్నట్టు పెడితే చాలా చోటు పడుతుందట, కన్వర్ట్ చేసి కుదిస్తే పదో వంతులో సరిపోతుందట. ఆఫీసులో నేను కంప్యూటరు మీద చేసిన చాకిరీ ముందు ఇదెంత అనుకున్నాను. మర్నాడే షురూ చేశాను. డిస్కు లోపల గరగరమంటూ తిరిగేది. ఒక్కొక్కటి అవడానికి రెండు గంటలు పట్టేది. ఏప్రిల్ ఎండకు సీపీయూ పెనంలా కాలిపోతుంటే దాని మూత తీసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాను. మనిషికి లేని గాలి డబ్బాకెందుకని మా ఆయన బనీనుతో విసురుకుంటూ గొణిగాడు.

ఫైలు తయారయ్యాక సరిగ్గా వచ్చిందో లేదో చూడమన్నాడు కదా అని మొదట్లో ఒక్కొక్కటీ పెట్టి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ప్రతి దాంట్లో మా వాడు అక్క చంకలో ఉన్నాడు. అక్క కొంగు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. అక్క పప్పన్నం కలుపుతుంటే పిచ్చుకలా నోరు తెరిచి ఉన్నాడు. నేనున్న చోటల్లా ఆఫీసు చీరలో, హ్యాండ్‌బ్యాగు భుజాన, పోతూ గానీ వస్తూ గానీ ఉన్నాను. ఒకచోట బావ, అమ్మేదిరా అని అడిగితే వాడు నా ముందునుంచే పాక్కుంటూ వెళ్ళి అక్క కాళ్ళు పట్టుకున్నాడు. నేను నవ్వుతున్నాను. అంత వికారమైన నవ్వు నా మొహం మీద ఎప్పుడూ చూడలేదు. పాతికేళ్ళ తర్వాత, కొడుకు నన్ను అమ్మా అని నోరారా పిలుస్తున్న రోజుల్లో, కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫైలును మధ్యలోనే మూసేశాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ అని ఒక గీత ఉంటుంది. దాని మీద చిన్న బొడిపె. కుడికి జరిపితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, ఫైలు పెద్దదవుతుంది. ఎడమకు జరిపితే ఫైలు చిన్నదవుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. నడిమిట్ల పెట్టమ్మా అని మా వాడు రాశాడు. నేను ఏడో నంబరును కుడి చివరకంటా జరిపి చేశాను. అక్క ఎక్కువున్న డిస్కులను ఎడమకు జరిపి చేశాను. మొదటిసారి చోటు కోసమే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారి ఆ మాట కూడా చెప్పుకోలేదు. ఫైళ్ళు పెట్టి చూస్తే అక్క మొహం గచ్చు మీది ముగ్గు నీళ్ళలో తడిసినట్టుంది. ముక్కుపుడక కనబడదు, కళ్ళు రెండు నల్లటి చుక్కలు. నవ్వితే నవ్విందని తెలియదు. ఒక పద్నాలుగు డిస్కులు అలా చేశాను. చేసినంతసేపు లోపల చల్లగా ఉండేదని ఒప్పుకోవాలి.

అక్కకు అంతకు రెండు నెలల ముందే రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నేను ఫైళ్ళు చేస్తున్నానని తెలిసి, జెర నాకు సుత పంపు చెల్లె అని అడిగితే రెండు ఫైళ్ళు ఫోనులో వేసి ఇచ్చాను. మర్నాడు పొద్దున మెట్లు దిగి వచ్చింది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "ఆపరేషన్ అయినంక సుత మసకనే కనబడుతుంది చెల్లె. బాబును ఎట్లనో గుర్తువట్టిన గని, నేనే కనబడతలేను" అంది. పాత వీడియోలు గిట్లనే ఉంటాయక్కా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఆమె తన కళ్ళను తప్పు పట్టుకుంటుంటే వింటూ నిలబడ్డాను. బావ ఆమెను మళ్ళీ కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆ డాక్టరు అన్నీ బాగున్నాయని చెప్పి, ఊరికే పంపడమెందుకన్నట్టు కళ్ళలో వేసుకునే చుక్కలేవో రాసిచ్చాడట.

ఆ వారమే ఆరో నంబరు డిస్కు పెట్టాను. అది మా ఆయన మేనత్త కొడుకు గృహప్రవేశం. అంత విసుగు పుట్టించే డిస్కు ఇంకోటి లేదు, దాన్ని ఎవరూ చివరిదాకా చూసి ఎరగరు. అందులో అక్కా నేనూ లేం కాబట్టి గీతను ముట్టుకోలేదు. ఫైలు పెట్టి వదిలేసి, పక్కన చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాను. గృహప్రవేశం అయిపోయింది. తెర నీలంగా అయి చాలాసేపు అలాగే ఉంది. లేచి ఆపుదామనుకుంటుండగా, దా నాన్నా, దా అని వినబడింది. అక్క గొంతు. తలెత్తి చూశాను. మా పాత హాలు వంకరగా ఉంది. కెమెరాను నేల మీద పెట్టినట్టున్నారు. షాబాద్ బండలు, మంచంకోడు, దాన్ని పట్టుకుని మా వాడు. ఇంకెవరూ లేరు. అమ్మ దగ్గరికి దా అంది గొంతు. వాడు కోడు వదిలాడు. ఒకటి, రెండు, ఆగి, మళ్ళీ మూడు. మొత్తం ఏడు అడుగులు. ఒక చీర అంచు అడ్డొచ్చి తెర అంతా ఎర్రగా అయిపోయింది. తర్వాత మాటల్లేవు. ఊపిరి చప్పుడు ఒకటే ఉంది, నవ్వో ఏడుపో తెలియకుండా. కింద మూలన తేదీ ఉంది, పదకొండూ ఇరవై అని టైమూ ఉంది. ఏడో నంబరు మీద తేదీకి నాలుగు రోజులు ముందు. కంప్యూటరులో క్యాలెండరును నెలలు నెలలు వెనక్కి తిప్పుకుంటూ పోయి చూశాను. బుధవారం. చేతుల చింతపండు మౌస్‌కంతా అంటుకుంది.

ఒక రోజంతా దానితోనే ఉన్నాను. చివరకు ఒక సంగతి అర్థమైందనుకున్నాను. నేను ఏడుస్తానని, ఆ మొదటి అడుగు నాకు దక్కాలని, అక్క నోరు కట్టుకుని నాలుగు రోజులు ఆగింది. ఆదివారం నన్ను గడపలో కూర్చోబెట్టి వాణ్ణి నావైపు తిప్పింది ఆమే. అంటే నేను పాతికేళ్ళుగా మురిసిపోతున్నది కూడా ఆమె పెట్టిన భిక్షే. ఇలా తెలిస్తే మనిషికి కృతజ్ఞత కలగాలి. నాకు కాళ్ళ దగ్గర్నుంచి నెత్తిదాకా మంట లేచింది. కొడుకును తీసుకుంది, ఇప్పుడు మంచితనం కూడా ఆమెకే పోయింది, నాకు మిగిలిందేమిటి అనిపించింది. ఆ చివరి ముక్కను కత్తిరించి పారేయడం ఎంత పని. బాణం గుర్తు దానిమీదే పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అది చేయలేక, ఫోనులో వేసుకుని మేడ మీదికి వెళ్ళాను.

సాయంత్రం నాలుగు దాటింది. బావ బయటికి పోయాడు. అక్క నేలమీద కూర్చుని గుడ్డతో బెండకాయలు తుడుస్తోంది. ఫోను చేతికిచ్చాను. ఆమె చివరిదాకా కదలకుండా చూసింది.

"కెమెరా నాకు చేతకాదనుకున్నరు అందరు" అంది.

"నేను బాధపడతానని చెప్పలేదు కదక్కా" అన్నాను. చాలా పెద్దమనసుతో అడిగినట్టు గొంతు పెట్టాను.

ఆమె ఇంకో బెండకాయ తీసుకుని తొడిమ నుంచి కొస దాకా తుడిచింది. "అబద్ధం ఎందుకు చెప్పాలె చెల్లె. నీ కోసమని కాదు. నీకు చెప్తే పొద్దుమూకంగనె అది అందరిదైతుండె. నాలుగు దినాలు నా ఒక్కదాని దగ్గరనే పెట్టుకున్న."

మరి ఆదివారం అంత గట్టిగా చప్పట్లు కొట్టావు కదా అన్నాను.

"కొట్టిన. వాడు నీ దిక్కు నడుస్తుంటె కడుపుల మండింది. ఏడు నడిచినోడు నీ కాడ నాలుగే నడిచిండని సంబురపడ్డ."

చెప్పి ఆమె నా మొహం వైపు చూడలేదు. నేనూ కూర్చుని ఒక గుడ్డ పీలిక తీసుకున్నాను. ఇద్దరం కలిసి ఆ బెండకాయలన్నీ తుడిచాం. అరకిలో కూడా లేవు, అయినా చాలాసేపు పట్టింది. ఆమె త్యాగం చేసిందని తెలిసి ఉంటే జన్మలో క్షమించలేకపోయేదాన్ని. దాచుకుందని, కుళ్ళుకుందని తెలిశాక మాత్రం ఎందుకో ప్రాణం తేలికపడింది. ఆ నిమిషంలో గీత సంగతి, పద్నాలుగు డిస్కుల సంగతి చెప్పేసి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. ఆమెకున్న నిజాయితీ నాకు లేదు. వాడికి ఇది ఇయ్యనా అని మాత్రం అడిగాను. "నీ కొడుకు, నీ ఇష్టం" అంది. నీ కొడుకు అని ఆమె అనడం అదే మొదటిసారి అనుకుంటాను. సంతోషించాల్సిన మాట. ఎందుకో చివుక్కుమంది.

కిందికొచ్చి ఆ పద్నాలుగు డిస్కులూ మళ్ళీ చేశాను. ఈసారి బొడిపెను కుడి చివరకు జరిపాను. వారం పట్టింది. టేబుల్ ఫ్యాను పోయి ఇంకోటి తెచ్చుకున్నాం. కొత్త ఫైళ్ళు ఫోనులో వేసి ఇస్తే అక్క ముక్కుపుడక దగ్గర్నుంచి రవికె అంచు దాకా అన్నీ పోల్చుకుంది. ఆ డాక్టరు రాసిన చుక్కలు మంచిగ పనిచేసినయని బావతో చెప్పి, అవి అయిపోతే ఇంకో సీసా తెప్పించుకుంది. ఇప్పటికీ ఎవరికన్నా కళ్ళు మసకంటే ఆ చుక్కల పేరే చెబుతుంది. నేను పక్కనే ఉండి తలాడిస్తుంటాను.

మా వాడికి పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఇచ్చాను, ఆరో నంబరుతో సహా, చివర కత్తిరించకుండా. భార్యాభర్తలిద్దరూ ఏడో నంబరు చూసుకుని నవ్వుకున్నారట. గృహప్రవేశం దాటి, ఆ నీలం తెర దాటి వాడు ఇంకా పోయినట్టు లేదు. ఎప్పుడైనా చూస్తే చూస్తాడు. నేను మాత్రం అప్పుడప్పుడు దాన్ని పెట్టుకుని చూస్తుంటాను. ఏడు అడుగులూ లెక్కపెడతాను, మంట ఇంకా కొంచెం లేస్తుంది. బుధవారం పదకొండూ ఇరవైకి నేను ఆఫీసులో ఏ ఫైలు ముందేసుకుని ఉన్నానో, ఎవరితో ఏం మాట్లాడుతున్నానో గుర్తు చేసుకోవాలని ఎంతో ప్రయత్నించాను. ఒక్క ముక్క గుర్తుకు రాదు. మన కాలమని మనం అనుకునే దాంట్లో చాలా భాగం మనం లేని గదిలోనే గడిచిపోతుందేమో.