కాకా పక్కన పెట్టిన గుండు బల్బు

రేడియో కాకా పోయారు. నాంపల్లి సందులో జీవితమంతా రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయన కూతురు ఫోన్‌లో ఆ మాట చెప్పి, "అన్నా, మీ ఆంప్లిఫయర్ పని అయిపోయింది. ఆదివారం నాయినే మీ ఇంటికొచ్చి ఆన్ చేస్తనన్నడు. బల్బు గూడ పక్కన బెట్టిండు," అంది. అలాంటి రోజున కూడా ఆమెకు నా సామాను గుర్తుందే అని సిగ్గేసింది.

అది మా నాన్న గాజు వాల్వుల ఆంప్లిఫయర్. అబిడ్స్‌లో కొత్తగా కాపురం పెట్టినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా తన చేత్తో చుట్టి, బిగించుకున్నారు. ఆయన పోయాక ఇరవై ఏళ్ళు అటకమీదే ఉంది. ఈమధ్య దించి, దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టబోతూ ఎందుకో ఆగాను. ఆ సంగతి చెబితే కాకా కసురుకున్న తీరు మీరు చూడాల్సింది.

"ఇరవై ఏండ్లు పండుకున్నోన్ని ఒక్కసారే లేపుతవా? లోపట కండెన్సర్లు ఖరాబై ఉంటయ్. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనుకో, మళ్ల మీ నాయినొచ్చి చుడతడా?"

కండెన్సర్లు మార్చాక కూడా కరెంటును నేరుగా ఇవ్వకూడదట, మధ్యలో ఒక బల్బు ఉండాలట. లోపల షార్టుంటే బల్బే నిండుగా వెలిగి, పెట్టెను కాపాడుతుంది; అంతా బాగుంటే మసకబారిపోతుంది. నేను హుషారుగా ట్రూప్ బజార్‌కు వెళ్ళి ఖరీదైన ఎల్‌ఈడీ తెచ్చాను. కాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వారు.

"గిది పనికి రాదు బిడ్డా. లోపట తీగ ఉండాలె, పాత గుండు బల్బు. గిది మీ దేవునింట్ల పెట్టుకో."

అక్కడే పెట్టుకున్నాను.

కరెంటున్న పెట్టెలో పనిచేసేటప్పుడు ఆయన ఎడమ చేయి ప్యాంటు జేబులోనే ఉండేది. రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి పోతుందనేవారు. అన్ని ప్యాంట్లకూ ఎడమ జేబే చిరిగేది. ఇంట్లో వాళ్ళు కుట్టలేక విసుక్కునేవారు.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం ఆయన కూతురు పెట్టెను, గుండు బల్బు బిగించిన బోర్డును ఆటోలో తెచ్చింది. కాకా చెప్పినట్టే ముందు స్పీకర్ తగిలించి, బల్బు బోర్డు మీదుగా ప్లగ్గు పెట్టాం. స్విచ్ దగ్గరికి వెళ్ళబోతే ఆమె ఆపింది.

"ఈ మధ్య నాయిన చేతులు వణుకుతుండె అన్నా. ఎవ్వరికీ చెప్పలే. ఇదే ఆఖరి పని. ఏమన్న తప్పు చేసిండేమో."

నాకూ భయమేసింది. అది కాలితే నాన్న చేతి పనీ పోతుంది, ఆఖరి పని చెడగొట్టారన్న మాటా కాకా మీద మిగిలిపోతుంది. దూరంగా నిలబడి స్విచ్ వేశాను. బల్బు భగ్గున వెలిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలోనే తగ్గి, లోపల ఎర్రటి తీగ మాత్రం మిగిలింది. వాల్వులు మెల్లగా వెచ్చబడ్డాయి. స్పీకర్‌లో సన్నగా హుమ్మనే శబ్దం మొదలైంది.

"మంచిగనే చేసిండు," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "జర గూడ తప్పు చెయ్యలే."

హమ్మయ్య అనుకుని, కూర్చుందామని రెండు చేతులతో కుర్చీ లాగబోతే ఒక చేయి రాలేదు. చూసుకుంటే నా ఎడమ చేయి జేబులో ఉంది. ఆమె కుడి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది. ఎడమ చేయి ఇంకా వీపు వెనకే ఉంది.