ఆ కిటికీ గాలికి మూసుకోలేదు

మా చిన్నప్పుడు... క్రిస్మస్ సెలవులొచ్చాయంటే మా అమ్మకు రెండే భయాలు. ఒకటి పొయ్యి మీద కాగే నూనె, రెండోది ఆ నూనె చుట్టూ తిరిగే మేము. అంతకుముందు ఏడాది మా క్వార్టర్ల లైన్లో ఒక పిల్లాడి కాలి మీద నూనె పడి బొబ్బలు లేచాయి. అందుకే ఆసారి అమ్మ పక్క క్వార్టర్ లచ్చమ్మత్త వాళ్ళ రేకుల కింద కజ్జికాయలు వండుతూ, నన్నూ చెల్లి రూతునీ ఇంట్లోనే కూర్చోమంది. నాకు పదేళ్ళు, దానికి ఆరు.

భద్రాచలం పోయే రోడ్డు పక్కన, అడవి అంచున మా బొగ్గుబావి క్వార్టర్లు. ఆ ఏడు పండగ ముందు మూడు రోజులు ముసురు పట్టి వదల్లేదు. వెదురు బద్దలతో నాయన కట్టి ఇచ్చిన స్టార్‌కు మేము మైదా గంజితో రంగు కాగితాలు అంటించాం. అవి ఎంతకీ ఆరవు...

నాయన కుంపటి బయట రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాక తెచ్చి గదిలో పెట్టాడు. చలికాలం మా లైన్లో అందరిదీ అదే అలవాటు. పొగ పోతే ఇక భయం లేదని నమ్మకం. కానీ నాయన బావి లోపల పనిచేసే మనిషి కదా, మధ్యాహ్నం డ్యూటీకి పోతూ నాతో ఒక్క మాట చెప్పాడు.

"కిటికీ మాత్రం మూయకు బిడ్డా."

నేనా... పదేళ్ళకే పెద్ద మేస్త్రీని. గాలికి కాగితాలన్నీ లేచిపోతుంటే ఒళ్ళు మండింది. తలుపు ఎటూ వేసే ఉంది, లేచి కిటికీ కూడా మూసేశాను.

కాసేపటికి రూతు తలనొప్పి అంది. పని ఎగ్గొట్టడానికి నంగనాచి వేషాలని తిట్టాను. అది చాప మీద ముడుచుకుని పడుకుంది. నాకూ తల దిమ్ముగానే ఉంది, అయినా స్టార్ పూర్తి చేయాలని నా పంతం నాది.

గంజి అయిపోయింది. అమ్మనడిగి తెద్దామని బయటికొచ్చానా... లచ్చమ్మత్త వాకిట్లోకి వెళ్ళేసరికి కాళ్ళు తేలిపోయాయి. అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాను. ఏం తిన్నావే అని అడగబోయి అమ్మ ఆగిపోయింది.

"చెల్లె ఏదే?"

అమ్మ తన చేతిలోని జల్లిగరిటె ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు. రూతును భుజాన వేసుకుని బయటికొచ్చింది. దాని తల వేలాడిపోతోంది. ఫిట్స్ అనుకుని లచ్చమ్మత్త దాని చేతిలో తాళంచెవులు పెట్టింది, ఇంకెవరో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. డ్యూటీ దిగి వస్తున్న ఒకాయన లోపలి కుంపటి, మూసిన కిటికీ చూసి అసలు సంగతి చెప్పాడు, పొగ లేకున్నా ఆ బొగ్గుల నుంచి కంటికి కనపడని విషగాలి వస్తుందని. అందరినీ పక్కకు జరిపి, జల్దీ దవాఖానకు తీసుకుపొమ్మని అరిచాడు.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. నాయన బొగ్గు మసి మొహంతో, డ్యూటీ బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు పొద్దున రూతు కళ్ళు తెరిచి నీళ్ళడిగే దాకా ఆయన మంచం దగ్గర నుంచి కదల్లేదు. అప్పుడడిగాడు, కిటికీ తెరిచే పెట్టి పోయాను కదా, ఎట్లా మూసుకుందని.

నేను అమ్మ కొంగు వెనక నిలబడి అబద్ధం చెప్పాను.

"గాలికి మూసుకున్నది నాయనా."

నాయన నమ్మేశాడు. "దాని కొక్కెం వదులైంది, బాగు చేద్దామనుకుంటనే ఉన్న. తప్పు నాదే" అన్నాడు. ఎవరూ కాదనలేదు... నేను కూడా.

ఆ పండగకు అమ్మ నాయనతో మాట్లాడలేదు. బావిలో పనిచేసేటోనికి గాలి సంగతి తెల్వదా అని లైన్లో జనం మొహం మీదే అన్నారు. ఆయన తలొంచుకుని విన్నాడు. తర్వాత ఏ చలికాలమూ మా ఇంట్లో కుంపటి వెలగలేదు.

ఇప్పుడు కుంపట్లు లేవు, ఆ క్వార్టర్లూ లేవు, మా లైన్ మొత్తం ఓపెన్‌కాస్ట్ గని తవ్వకంలో కలిసిపోయింది. పోయిన వానాకాలం నాయన కూడా పోయాడు. జబ్బు పడ్డ చివరి నెలలో రూతు అన్నం తినిపిస్తుంటే, దాని తల నిమురుతూ నా వల్ల చిన్నప్పుడే సచ్చిపోయేదానివి బిడ్డా అని ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. నోటి దాకా వచ్చింది... మందులు తెస్తానని లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మీరూ ఇలాంటిదేదైనా దాచి ఉంటే, ఇక్కడ కింద కామెంట్లలో రాయకండి. ముందు వాళ్ళకు చెప్పండి, వాళ్ళు ఉండగానే...

రూతూ, రోజూ నా పోస్టులకు మొదటి లైక్ నీదే. ఇది చదివాక ఫోన్ చేస్తావో చేయవో నాకు తెలియదు.