వయసు తీసేసిన లైను

నాకు కోడ్ పొట్టిగా రాసే పిచ్చి ఉండేది. విద్య అనడానికి ఇప్పుడు నోరు రాదు. మణుగూరు కాలనీలో ఉండే స్నేహితుడొకడు, నేను పందెం వేసుకునేవాళ్లం. ఒకే పనిని పైథాన్‌లో ఎవరు తక్కువ క్యారెక్టర్లలో రాస్తే వాళ్లు గెలిచినట్టు. ఖాళీలు తీసేయడం, వేరియబుల్‌కు ఒక్క అక్షరమే పెట్టడం, నాలుగు లైన్ల షరతును ఒక లైనులో ఇరికించడం. ఒక్క కామా తగ్గినా ఆ రోజంతా హుషారే.

ఉద్యోగం అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో, కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ. ఊళ్లలో చేసిన రక్తపరీక్షల కాగితాలు నా దగ్గరికి వచ్చేవి. రక్తం మరీ తక్కువున్న వాళ్ల జాబితా నేను తీసిస్తే, ఆశా వర్కర్లు వెళ్లి వాళ్లను భద్రాచలం పెద్దాసుపత్రికి పంపేవారు. జాబితా తీసే ప్రోగ్రాం నేనే రాశాను. ఎవరూ అడగకపోయినా దాన్ని కూడా చెక్కడం మొదలుపెట్టాను.

మనిషిని గుర్తుపట్టడానికి మొదట పేరు, వయసు రెండూ వాడాను. పేరు గడిలోనే ఇంటిపేరు, ఊరు ఉన్నాయి కదా, వయసెందుకు అనిపించింది. తీసేస్తే ఐదు క్యారెక్టర్లు తగ్గాయి. అదే పేరు మళ్లీ వస్తే ముందరి మనిషి వివరాలు చెరిగిపోయి తర్వాతి మనిషివే నిలుస్తాయని నాకు తెలుసు. తెలిసే తీసేశాను. స్క్రీన్‌షాట్ పంపితే స్నేహితుడు "నువ్వే గెలిచినవ్ పో" అన్నాడు.

ఆ వైపు ఊళ్లలో నాయనమ్మ పేరు మనవరాలికి పెడతారు. ఒక ఇంట్లో అలాంటి మనవరాలు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరు, ఊరే. కాగితంలో పైన ఆమె, కింద నాయనమ్మ. ఆమె రక్తం నాలుగు గ్రాములే, నాయనమ్మది పదకొండు. నా ప్రోగ్రాం పదకొండును ఉంచుకుంది. పిలుపు వెళ్లలేదు. నొప్పులు మొదలైన పొద్దున, ఆటో భద్రాచలం చేరకముందే ఆమె పోయింది. పాప బతికింది.

నన్నెవరూ ఏమీ అనలేదు. జాబితాలో పేరు లేదు కాబట్టి ఎవరి తప్పూ కాదన్నారు. ఆ కాగితం నేనే వెతికి తీసి చూశాను.

నెలన్నర తర్వాత నాయనమ్మ టీకా కోసం పాపను ఎత్తుకుని వచ్చింది. వివరాలు రాయించడానికి నా టేబుల్ దగ్గరే కూర్చుంది. చెప్పేశాను. తిడుతుందని, తిడితే నా బరువు కొంతైనా దిగుతుందని ఆశ.

"అవ్వా, నీ పేరు, నీ మనవరాలి పేరు ఒక్కటే కదా. కంప్యూటర్ల నీ రక్తం లెక్క ఉంచి ఆమెది పోగొట్టిన. తప్పు నాదే."

ఆమె పాపను ఒళ్లో సర్దుకుంది.

"కోడలు వద్దన్నది బిడ్డా. నేనే పట్టుబట్టి నా పేరు పెట్టించిన."

"నీ తప్పు గాదవ్వా" అన్నాను. మళ్లీ అన్నాను. ఆమె వినడం లేదు. నా భారం దించుకోబోయి ఆ ముసలామె నెత్తిన పెట్టానని అప్పుడు అర్థమైంది.

లోపలి నుంచి నర్సు పాప పేరేందని అడిగింది. నాయనమ్మ నా వైపు తిరిగింది.

"మా ఇంట్ల ఎవ్వలకు లేని పేరు, నువ్వే ఏదన్న ఒకటి రాయి బిడ్డా."