మూడో గడి లేదు

"నేను పక్క గదిలో ఉన్నప్పుడు పాప ఊపిరి తీసుకోవడం మానేస్తే నాకెలా తెలుస్తుంది?"

ఈ మాట పైకే అనేశాను, మధ్యాహ్నం రెండింటికి, ఆరిన గుడ్డలు మడతపెడుతున్న మా పిన్నితో. పాపకు అప్పటికి ఏడు వారాలు. నెల ముందే పుట్టింది. మా ఆవిడ లోపల నిద్రపోతోంది. నా చేతిలో నోటుపుస్తకం ఉంది. చదివింది రసాయనశాస్త్రం కాబట్టి ప్రతి పేజీని మూడు నిలువు గళ్ళుగా గీసుకున్నాను: టైము, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, అనుమానం. మూడో గడే ఎప్పుడూ నిండిపోయేది.

పిన్ని పుస్తకం తీసుకుని కళ్ళజోడు పైకి తోసుకుంది. "కోడి గీకినట్టు రాశావు. షాపుకు తెచ్చుంటే వెనక్కి పంపేదాన్ని," అంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఇరవై మూడేళ్ళు సినిమా స్క్రిప్టులు టైపు చేసింది. స్టూడియోల వీధిలో, జిరాక్స్ షాపు పైన, ఒకే కిటికీ ఉన్న గది. రచయితలు చేత్తో రాసిన కాగితాలు అక్కడికి తెచ్చేవాళ్ళు. పిన్ని ప్రతి పేజీనీ నిలువుగా రెండు గళ్ళు చేసి కొట్టేది. ఎడమ గడిలో తెర మీద కనిపించేది, కుడి గడిలో వినిపించేది. ఎవరైనా 'అతని గుండెలో అగ్నిపర్వతం బద్దలైంది' అని రాసుకొస్తే, ఇది ఎడమవైపు కొట్టనా, కుడివైపు కొట్టనా అని అడిగేది. కొందరికి ఒళ్ళు మండేది. ఒక పెద్దాయన మాత్రం నవ్వి, ఆ వాక్యం కొట్టేసి, 'అతను గ్లాసు కింద పెడతాడు' అని రాసిచ్చాడు. ఆ వీధిలో ఆవిడను గళ్ళమ్మ అనేవాళ్ళు.

స్క్రీన్‌ప్లే రాయడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. సీను ఎక్కడ సాగుతోందో వేళ్ళకు తెలిసేదట. విసుగొచ్చిన చోట తప్పులు పడేవి. తప్పులు ఎక్కువ పడిన సీన్లు తర్వాత సినిమాలో కనిపించేవి కావు. అలా వేళ్ళతోనే నేర్చుకుంది.

బాబాయి బస్సు డిపోలో మెకానిక్. యాభై రెండో ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. పిన్ని పొద్దున్నే ఆయనకు ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, పక్కింటావిడకు అప్పజెప్పి షాపుకు వెళ్ళేది. అలా ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో ఏమనిపించేదని ఒకసారి అడిగాను. ఏమీ అనిపించేది కాదంది. చేతులు పని చేసేవి, అంతే అంది.

ఆ రోజుల్లోనే షాపులో అన్నం తిన్నాక మిగిలే అరగంటలో తన కథ కొట్టడం మొదలుపెట్టింది. ఒక గది, ఒక మంచం, మాట పోయిన మొగుడు, పనికి వెళ్ళొచ్చే పెళ్ళాం. కథలో ఆమెకు తన పేరే పెట్టుకుంది, వేరే పేరు వెతికే ఓపిక లేక. అది అమ్ముడైతే షాపు మానేసి పగలంతా ఆయన పక్కన కూర్చోవచ్చు. ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

కాగితాలు ఇచ్చొస్తే కథ అమ్ముడుపోదు. ఆఫీసుల్లో ఎవరూ చదవరు. ఎదురుగా కూర్చుని రెండు గంటలు చెప్పాలి, ఏడవాల్సిన చోట ఏడ్చి, పాట వచ్చే చోట బల్ల మీద తాళం వేసి. పిన్నికి అది చేతకాలేదు. కొట్టింది కొట్టినట్టు చదివింది. సీను నాలుగు, గది, పగలు, ఆమె గిన్నె కడుగుతుంది. నాలుగు ఆఫీసుల వాళ్ళు టీ ఇచ్చి పంపేశారు. వాళ్ళలో ఒక మేనేజరు పేజీలు తిప్పి, కుడి గడి ఖాళీగా ఉందేమిటమ్మా, డైలాగులు కొట్టడం మర్చిపోయారా అని అడిగాడట. ఆయన మాట్లాడడండీ అంటే, మరి హీరో ఎవరు అన్నాడట.

ఐదో ఆఫీసులో నిర్మాత కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకుని, పాపం లేపడమెందుకని పిన్ని గొంతు తగ్గించి చదివింది. చివరి పేజీ అయ్యాక ఆయన కళ్ళు తెరిచి, తీసుకుంటానన్నాడు. ఒక్క మార్పు అడిగాడు.

"చివర్లో అతను ఆమెను పేరు పెట్టి పిలవాలమ్మా."

"ఆరేళ్ళుగా పిలవలేదండీ."

"మీ ఇంట్లో కాదమ్మా. సినిమాలో."

సోమవారం దాకా గడువిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం పిన్ని బాబాయికి అన్నం పెట్టి, మూతి తుడిచి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఆ పేజీ రాసింది. ఎడమవైపు, 'అతని పెదవులు కదులుతాయి.' కుడివైపు, తన పేరు. రాస్తున్నంతసేపూ ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

సంతకాలయ్యాయి. పిన్ని షాపు మానేసి ఆయన పక్కన కూర్చుంది. పదకొండు వారాలు కూర్చుంది. తర్వాత ఆయన పోయాడు, ఒక్క మాటా అనకుండానే.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. మధ్యాహ్నం ఆటకు నేనే తీసుకెళ్ళాను. మంచం మీది నటుడు ఆ పేరు పలికినప్పుడు హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. నేనూ చీదాను. పిన్ని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా చూసింది. రోడ్డు దాటుతూ, బాగా తీశారు అంది. నాలుగేళ్ళు ఆ ఊసే ఎత్తలేదు.

పాప గుడ్డలు మడతపెడుతూ ఎత్తింది.

"మీ బాబాయిని తలుచుకుంటే ఆ నటుడి గొంతు వినిపిస్తోందిరా, నన్ను పిలుస్తూ. ఆయన ఆరేళ్ళు ఎలా ఊరుకున్నాడో, ఆ ఊరుకోవడం గుర్తుకు రావట్లేదు."

కథ అమ్ముకున్నందుకు బాధ లేదంది. పదకొండు వారాలు దొరికాయిగా అంది. నూట రెండు పేజీల్లో తను చూడనిదీ విననిదీ ఒక్క పేజీయే రాసిందట. అదే మిగిలిందట. ఇదంతా మడతలు ఆపకుండానే చెప్పింది.

గుడ్డలయ్యాక నా జేబులో పెన్ను తీసుకుంది. స్కేలు అడిగింది. 'అనుమానం' అన్న గడిని పైనుంచి కిందిదాకా కొట్టేసింది. మిగిలిన రెండింటి పైన పేర్లు మార్చింది.

"కనిపించేది ఎడమవైపు రాయి. వినిపించేది కుడివైపు రాయి. మూడో గడి లేదు నాన్నా. ఎందులోనూ పట్టనిది రాయకు. రాస్తే అదే నిలబడిపోతుంది."

పాపకు ఇప్పుడు ఐదో నెల. నా భయం ఎక్కడికీ పోలేదు. గీతలు మాత్రం ఆవిడ చెప్పినట్టే గీస్తున్నాను. ఈ పూట రాసింది ఇది. ఎడమవైపు: దుప్పటి లేస్తోంది, దిగుతోంది. ఒక కాలు బయటికి వచ్చింది. కుడివైపు: ఫ్యాను. సన్నటి గురక.