తాడు చివర వాదన

తాడు పట్టుకున్నవాడు నోరు మూయకూడదు. నూనె మిల్లులో ట్యాంకుల అడుగున మడ్డి తీసేవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు ఇది. ఒకడు నడుముకు తాడు కట్టుకుని, ట్యాంకు నెత్తిమీది కంతలోంచి లోపలికి దిగుతాడు. రెండోవాడు ఆ కంత పక్కనే కూర్చుని, తాడు గుప్పిట పెట్టుకుని, లోపలివాడితో మాట్లాడుతూనే ఉంటాడు. మడ్డి పులిస్తే లోపలి గాలి చెడుతుంది. చెడ్డ గాలికి రంగుండదు, ఒక్కోసారి వాసనా ఉండదు. పక్కింటి చుట్టంలా నెమ్మదిగా వచ్చి మనిషిని వెంటబెట్టుకు పోతుంది. పైవాడికి చీకటి తప్ప ఏమీ కనబడదు. వినబడేదాన్నే నమ్ముకోవాలి.

అందరూ తాడు మేస్త్రి అని పిలిచే ఆయనకు ఈ పని నేర్పిన ముసలాయన ఒకటే చెప్పేవాడు. "ఉన్నావా అని అడగమాకు. సగం చచ్చినవాడు కూడా ఉన్నాననే అంటాడు. బుర్ర పెట్టి జవాబు చెప్పాల్సిందేదైనా అడుగు." ముసలాయన పొడుపుకథలు వేసేవాడు. మేస్త్రికి పొడుపుకథలు పట్టుబడలేదు. బళ్ళో చదివిన లెక్కలూ పద్యాలూ ఎప్పుడో ఆవిరైపోగా, ఆయన బుర్రలో మిగిలింది చరిత్ర పాఠం ఒక్కటే. అందుకని ఆయన తాడు పట్టుకుంటే ట్యాంకులోకి రాజులూ దండయాత్రలూ దిగేవి.

లోపలికి దిగేది ఆయన భార్య తమ్ముడు. ఆ కంతకు కొలతపెట్టి దేవుడు చేసినట్టు సన్నగా ఉంటాడు. మిల్లులో అతణ్ణి కాదయ్య అంటారు. సూర్యుడు తూర్పున వచ్చాడంటే కూడా, "కాదు, ఈ నెలలో కాస్త పక్కకి జరిగాడు" అనే రకం. సాయంత్రాలు వీధి చివరి గ్రంథాలయంలో కూర్చుని, దొరికిన పుస్తకమల్లా నమిలి మింగి వచ్చేవాడు.

"ఏరా, చైనా గోడ చంద్రుడి మీంచి కూడా కనబడుతుందట కదా," అని మేస్త్రి కంతలోకి వంగి అడిగేవాడు.

నూతిలోంచి వచ్చినట్టు జవాబు వచ్చేది. "కాదు బావా. పొడుగున్నంత మాత్రాన కనబడుద్దా? ఆ లెక్కన అక్క తలవెంట్రుక వీధి చివర్నుంచి కనబడాలి."

"పోనీ, ఆ ఫ్రెంచి చక్రవర్తి పొట్టివాడన్నదీ అబద్ధమేనా?"

"అబద్ధమే. వాళ్ళ అంగుళం పెద్దది, పక్క దేశం వాళ్ళ అంగుళం చిన్నది. ఆ కొలతల్లో పడి పొట్టివాడయ్యాడు. ఆపైన గిట్టనివాళ్ళు బొమ్మలేసి ఇంకాస్త కుదించారు. నువ్వూ అక్క పక్కన నిలబడితే పొట్టివాడివే. చరిత్రకెక్కావా?"

మేస్త్రి నవ్వు బిగబట్టేవాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే లెక్క.

అన్నిటికంటే కాదయ్యకు ఇష్టం, అలా జరగకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆట. "ఆ గ్రీకు కుర్రరాజు జ్వరంతో పోకుండా ఉంటే ఏమయ్యేది బావా?" అనేవాడు. ఇంకో నాలుగు దేశాలు గెలిచేవాడని మేస్త్రి అంటే, "కాదు. ఇంటికి పోయేవాడు. వాళ్ళమ్మతో వేగలేక మళ్ళీ బయల్దేరేవాడు," అనేవాడు. పార శబ్దం, మడ్డి బకెట్టు పైకి వచ్చే కప్పీ కిర్రు, మధ్యలో ఈ మాటలు. వింటున్నవాళ్ళకు అది కబుర్ల కాలక్షేపం. మేస్త్రికి అది నాడి పట్టుకోవడం. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, ఆయన చేతిలో తాడు బిగిసేది.

ముందురోజు సెలవు. ఇంట్లో భోజనాల దగ్గర మాట మాట పెరిగింది. రోము నగరం తగలబడుతుంటే రాజు ఫిడేలు వాయిస్తూ కూర్చున్నాడని మేస్త్రి అన్నాడు. అప్పటికి ఫిడేలే పుట్టలేదనీ, మంటలు లేచినప్పుడు ఆ రాజు అసలు ఊళ్ళోనే లేడనీ కాదయ్య అన్నాడు.

"ఆ పాఠం మాకు చెప్పింది మా మేష్టారు," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు మారడం భార్య గమనించింది, తమ్ముడు గమనించలేదు.

"చెప్తే చెప్పారు. ఆయనకెవరో చెప్పుంటారు."

"వానొస్తే తన గొడుగు మాకిచ్చి తను తడిసిపోయిన మనిషిరా ఆయన. అబద్ధాలకోరంటావా?"

"గొడుగిచ్చినంత మాత్రాన ఫిడేలు పుట్టుద్దా బావా?"

మేస్త్రి కంచంలోనే చెయ్యి కడిగేసి లేచాడు. రాత్రంతా బావకూ బావమరిదికీ మాటల్లేవు. తెల్లవారి పనికి బయల్దేరుతుంటే, గుమ్మం దగ్గర భార్య తమ్ముడికి మెల్లగా చెప్పడం ఆయన చెవిన పడింది. "పెద్దాయన రా. ఒక్కసారి ఔనంటే నీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు." ఎప్పటిలాగే మెత్తటి పాత గుడ్డ ఒకటి మడిచి ఇచ్చింది, తాడు కింద పెట్టుకుంటే నడుం ఒరుసుకోకుండా.

ఆ రోజు పని మిల్లు వెనక పాత ట్యాంకులో. నేలమీద పెట్టిన బ్లోయరు పక్కగొట్టంలోంచి లోపలికి గాలి కొడుతుంది. ఆ గాలి మడ్డి వాసనను మోసుకుని పైకంతలోంచి బయటికి వస్తుంది. మిల్లుకు కాపలా ఉండే తాత గోనెసంచి తడిపి ట్యాంకు నెత్తిన పరిచి ఉంచాడు. ఎండకు కాగిన రేకు మీద మేస్త్రి మోకాళ్ళు కాలతాయని, ఎవరూ చెప్పకుండానే ఆయన చేసే పని అది. మేస్త్రి దేవుణ్ణి తలుచుకుని తాడు మెల్లగా లోపలికి వదిలాడు. కాదయ్య మాట్లాడకుండా దిగిపోయాడు.

కాసేపు మామూలు మాటలే నడిచాయి. "ఏ మూలనున్నావు?" "గొట్టాల దగ్గర." నూనె గడ్డకట్టకుండా కాచే ఆవిరి గొట్టాలు ట్యాంకు అడుగున జానెడెత్తున పాముల్లా చుట్టుకుని ఉంటాయి. ఒకచోట మాత్రం అవి పైకి వంగుతాయి. వాటికింద దూరితే తప్ప అవతలి మూల మడ్డి అందదు. కాదయ్య దూరినట్టు తాడు కదలికను బట్టే మేస్త్రికి తెలిసింది. మౌనం పెరుగుతోంది. పట్టుదలకు పోయి పనికి ద్రోహం చేయకూడదనుకుని, తనే తగ్గాడు.

"ఏరా, నిన్న సగంలో ఆగింది. రోము తగలబడుతుంటే రాజు ఫిడేలు వాయించాడు. ఏమంటావు?"

"ఔను బావా."

మేస్త్రి ఒక్క క్షణం ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ కంతలోంచి ఆ మాట రాలేదు. అక్క మాట మన్నించాడన్నమాట, అనుకున్నాడు.  గెలిచిన సంతోషమూ, చిన్నవాణ్ణి అంతదూరం లాగినందుకు సిగ్గూ కలిసి వచ్చాయి. "పోనీలేరా, నువ్వు చెప్పిందాంట్లోనూ కొంత నిజం ఉండొచ్చు," అన్నాడు మెత్తగా.

జవాబు లేదు. పార శబ్దమూ లేదు.

"అయితే ఫిడేలు అప్పటికే ఉందంటావా?"

"ఔను బావా."

"లేదంటావా?"

"ఔను బావా."

ఆయన చెవి రిక్కించాడు. కింద బ్లోయరు మోత వినబడుతూనే ఉంది. కానీ తన మొహం మీది చెమట ఆరడం లేదు. కంతలోంచి రావాల్సిన గాలి రావడం లేదు.

"తాతా, బ్లోయరు చూడు."

"తిరుగుతానే ఉందిగా. మోత వినపడట్లా?"

"మోత కాదు తాతా. చెయ్యి పెట్టి చూడు."

తాత వంగి చెయ్యి పెట్టాడు. తర్వాత తాత గొంతు సన్నగా వచ్చింది. "బెల్టు జారిపోయింది నాయనా. ఉత్త మోటారే తిరుగుతోంది."

మేస్త్రి తాడు లాగాడు. మొదట కదిలింది, తర్వాత బిగుసుకుంది. ఇంకా లాగితే మనిషి గొట్టానికి అదుముకుపోతాడు తప్ప పైకి రాడు. బస్తాలు మోసే ఇద్దరు పరుగెత్తుకొచ్చి నిచ్చెనెక్కారు.

"దిగనా మేస్త్రీ?" అన్నాడు అందులో ఒకడు, అప్పుడే చొక్కా విప్పేస్తూ.

"వద్దు. నువ్వు దిగితే నిన్నూ లాగాలి."

వాణ్ణి ఆపిన మనిషి, తన కాలు కంతలోకి పోయిన సంగతి తర్వాత చూసుకున్నాడు. ఎప్పుడు పెట్టాడో ఆయనకే తెలీదు. కింద ఉన్నది తన ఇల్లాలికి ఒక్కగానొక్క తమ్ముడు. పైకి రాకపోతే ఇంటికి వెళ్ళి ఆమెతో ఏం చెప్పాలి? పాదం లోపలి గోడకున్న ఇనపమెట్టు కోసం వెతుకుతోంది. ఆయన నేర్చుకున్న పని మొత్తం ఆ క్షణంలో ఒక్క కాలు మీద నిలబడింది. పైవాడు దిగిన చోట ఇంతకుముందు రెండేసి శవాలు లేచాయి. మేస్త్రి పళ్ళు బిగించి కాలు పైకి లాక్కున్నాడు.

"ఒరేయ్, గొట్టం కింద నుంచి ఇవతలికి దొర్లరా."

"సరే బావా."

తాడు కదల్లేదు.

"దొర్లరా నాయనా. నాకేసి దొర్లు."

"సరే బావా," అన్నాడు మళ్ళీ, నిద్రలో పిల్లవాడిలా. కదల్లేదు.

కింద తాత బెల్టు ఎక్కిస్తున్నాడు. అది ఒకసారి జారింది. రెండోసారి పట్టుకుంది. మోత మారింది. కాసేపటికి మేస్త్రి మొహానికి వేడిగా, పుల్లగా గాలి తగిలింది. జీవితంలో ఏ గాలికీ ఆయన అంత మొక్కుకోలేదు. కానీ లోపలివాడు ఇంకా ఆ గొట్టం కిందే ఉన్నాడు. తాడేమో బిగిసే ఉంది. బతిమాలితే సరేనంటాడు, సరేనని ఊరుకుంటాడు. మేస్త్రి కంతలోకి తల దూర్చాడు.

"నీ వల్ల కాదులేరా," అన్నాడు, వెక్కిరిస్తున్నట్టు. "నువ్వు దొర్లలేవు. పుస్తకాలు చదివితే ఒంట్లోకి బలం వస్తుందా? ఉండు అక్కడే."

తాడు ఇంకా సడలలేదు.

"అసలు మీ ఇంట్లో అందరూ అంతే. నోరే గాని చేత కాదు. మీ అక్కతో అదే చెప్తా."

చాలాసేపటికి, ఎక్కడో దూరాన్నుంచి ఒక మాట వచ్చింది. "కాదు."

"ఏది కాదు? దొర్లలేవు. పందెం."

"ఎందుకు... కాదు."

గొట్టం మీద పార పడిన చప్పుడైంది. మేస్త్రి చేతిలో తాడు ఉన్నట్టుండి సడలింది. అప్పుడు ముగ్గురూ కలిసి లాగారు. కంతలోంచి ముందు చేతులు, తర్వాత తల వచ్చాయి. మడ్డి పూసుకుని చేపలా జారిపోతున్న మనిషిని చంకల కింద పట్టి ఇవతలికి లాగారు. పెదాలు నల్లబడి ఉన్నాయి. తడిపిన గోనెసంచి మీద పడుకోబెట్టారు. ఊపిరి ఆడుతోంది. చొక్కా విప్పినవాడు ఆ చొక్కాతోనే ఎండకు అడ్డం పట్టి నిలబడ్డాడు.

ఆసుపత్రిలో రెండు రోజులు గాలి పెట్టారు. మేస్త్రి భార్య వచ్చి తమ్ముడి తల నిమిరింది, దేవుడికి దణ్ణం పెట్టుకుంది.  సాయంత్రం మొగుడి అరచేతులు తెరిచి చూసింది. తాడు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి. గిన్నెలో నీళ్ళు తెచ్చి కడిగింది.

"ఔనన్నప్పుడే తెలిసిందా?" అంది తల ఎత్తకుండా.

"వెంటనే తెలీలేదు."

"నేనే చెప్పాను వాడికి, ఔనమని."

"నువ్వు చెప్పినందుకు కాదే వాడు అంది."

"నువ్వు మాత్రం నేను చెప్పినందుకే అన్నాడనుకుని ఆగావు," అంది ఆమె.   ఇంకో చెయ్యి అందుకుంది.

ఆ పాత ట్యాంకులో మడ్డి సగం మిగిలిపోయింది. బెల్టుతో పని లేని బ్లోయరు వచ్చేదాకా ఎవరూ దిగరని మేస్త్రి యజమానితో చెప్పాడు. యజమాని గొణిగినా తెప్పించాడు. కాదయ్య లోపలికి దిగడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. పై గాలిలో కూర్చోవచ్చన్నాడంతే. అందుకని ఈసారి తాడు కాదయ్య పట్టుకున్నాడు, మేస్త్రి నడుముకు కట్టుకున్నాడు. ముక్కూ కడుపూ అదుముకుని ఆ కంతలో దూరేసరికి కిందనున్న తాత నవ్వాపుకోలేకపోయాడు.

లోపల ఆయన అనుకున్నదానికంటే చీకటిగా ఉంది. నెత్తిమీద నాణెమంత వెలుగు. ఆ వెలుగులో ఒక తల. పార ఎత్తబోయి ఆయన ఆగాడు. పైనుంచి మాట లేదు. కొత్తగా తాడు పట్టినవాడికి ఏం అడగాలో తోచడం లేదు. ఆ కాస్త మౌనానికే మేస్త్రి తలెత్తి చూశాడు.

"బావా."

"ఊఁ."

"ఊఁ అంటే చెల్లదు. మాట కావాలి."

"అడుగు మరి."

"ఆ రోజు నువ్వు దిగి ఉంటే ఏమయ్యేది?"

మేస్త్రి పార మడ్డిలోకి దించాడు. "ఇద్దరం పోయేవాళ్ళం."

"కాదు. నువ్వు దిగేవాడివి కాదు. పనిలో నీ అంత కచ్చితం ఎవరికుంది?"

"కాలు పెట్టానురా," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

 కాదయ్య కంతలోకి ఇంకాస్త వంగి అడిగాడు. "ఏ కాలు?"

"ఎడమ." పార ఆగింది. ఆ ఇనపమెట్టు, ఆ వెతుకులాట మేస్త్రి కళ్ళముందు మళ్ళీ కదిలాయి. "కాదు... ఉండు..."

నడుము దగ్గర తాడు చటుక్కున బిగిసింది.

"లాగకురా," అన్నాడు మేస్త్రి. "బాగానే ఉన్నాను. గుర్తుచేసుకుంటున్నా."