బ్రేకు తెలియని జిగ్మంట్

క్రాకోవ్ ట్రామ్ డిపో బ్రిడ్జి పేకాట క్లబ్బులో డ్రైవర్లు గెనోవేఫా, జిగ్మంట్ ఏళ్ల తరబడి జోడీగా ఆడారు. కిందటేడు అతడు, "పిరికిదానా, నీకు బ్రేకెయ్యడం తప్ప ఏమొచ్చు?" అని అందరి ముందూ ఆమెను వదిలేశాడు. ఆమె ఆ మాట మింగలేదు, దాచుకుంది.

నిన్న క్లబ్బు కప్పు ఫైనల్లో ప్రత్యర్థులయ్యారు. వేలంపాటలో అతడు, పది పట్లు గెలుస్తానంటూ, నాలుగు ఆఠీన్లు అన్నాడు. ఆమె తాపీగా దాని పైపాట, నాలుగు ఇస్పేట్లు అంది. పిరికిది పాడిందంటే చేతినిండా ఇస్పేట్లే అనుకున్నాడు. అయినా పాట ఆమెకు వదలడానికి మనసొప్పక అయిదు ఆఠీన్లకు, అంటే పదకొండు పట్లకు, ఎక్కాడు.

ఓడితే నష్టం రెట్టింపయ్యేలా "డబుల్" అంది గెనోవేఫా.

ఒక్క పట్టు తక్కువై అతడి చేతిలోంచి కప్పు జారిపోయింది.

"ఒంటి ఇస్పేటుతో అంత పాట పాడతావుటే, సిగ్గులేనిదానా? నేనూరుకుంటే నిలువునా మునిగేదానివి!"

"ఊరుకోవని తెలుసు. నీకు బ్రేకెయ్యడం కూడా రాదు."