అద్దాలావిడ గుప్పిట

మ్యూజియంలో ఆవిడను అందరూ అద్దాలావిడ అనేవారు. బొమ్మల మీది అద్దాలు తుడవడం ఆవిడ పని. అసలు అద్దం ఉందో లేదో తెలియకూడదన్నది ఆవిడ పంతం. "నువ్వు తుడిచాక ఈగ కూడా వాలబోయి మూతి పగలగొట్టుకుంటుంది," అని ఏడిపించేవాడు బావ. అక్క మొగుడైన ఆ బావ ఆ గదికి కాపలాదారు. మొగుడు పోయి, పిల్లలతో దిక్కుతోచక నిలబడ్డ రోజున మ్యూజియం పెద్దసారు కాళ్లావేళ్లా పడి ఆవిడకు ఈ పని ఇప్పించింది బావే.

ఆ గదిలో నూనె రంగుల కొండల బొమ్మ ఒకటి ఉంది. మొదటిసారి చూసి ఆవిడ ముక్కున వేలేసుకుంది. పలకలు పేర్చినట్టు నీలం కొండలు, వంకాయ రంగు పొలాలు, ఆకుపచ్చ ఆకాశం! "గీసినాయనకు రంగులు తారుమారయ్యాయేమో బావా," అంది. రోజూ చూడగా చూడగా ఆ బొమ్మే ఆవిడకు ప్రాణమైంది. కొండ కింద చిన్న ఇల్లుంది. దాని పైకప్పు ఒకే ఒక్క ఎర్రచార. అద్దె ఇల్లు మారాల్సి వచ్చిన ప్రతిసారీ, "పోనీలే, అదుందిగా నాకు," అనుకునేది.

ఆ ఉదయం ఎప్పటిలాగే తడిగుడ్డ పెట్టి పైనుంచి కిందికి తుడిచింది. గుడ్డ జారలేదు, గరుకుగా తగిలింది. అద్దం లేదు! పైకప్పు ఉండాల్సిన చోట తెల్లగా బోసిపోయి ఉంది. ఎర్రపెచ్చు గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ఆవిడ దాన్ని తీసి గుప్పిట మూసింది.

అంతలో బావ పరుగున వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"రంగు లేస్తోందని నిన్న సాయంత్రం బొమ్మలు బాగుచేసే రిపేరు మేడం అద్దం తీయించారు. నీకు చెప్పమన్నారు, మర్చిపోయాను తల్లీ. తుడిచేశావా?"

చెబితే ఇద్దరి పనీ పోతుంది. రెండిళ్లలోనూ పొయ్యిలో పిల్లి లేవదు.

"లేదు బావా," అంది.

బొమ్మలో ఎర్రకప్పు ఊడిపోయిందని తెలిసి కాసేపట్లో గదంతా జనం. పెద్దసారు బావ మీద ఒంటికాలి మీద లేచాడు. "ఇదేనా నీ కాపలా? రేపట్నుంచి రానక్కర్లేదు!" బావ తల దించుకుని నిలబడ్డాడు. మూలన ఆవిడ గుప్పిట ఇంకా బిగించింది. గోళ్లు అరచేతిలో దిగుతున్నా తెలియలేదు. తన నోటిని తానే తిట్టుకుంది, అయినా అది తెరుచుకోలేదు.

నేలంతా వెతుకుతున్న రిపేరు మేడం తలెత్తింది. "అరవకండి సార్. ఆ పెచ్చు దొరికితే చాలు, అతికించేస్తాను. అతికినట్టు కూడా తెలియదు. మాకిది మామూలే."

"నా దగ్గరుంది మేడం!" ఆవిడ ఏడుస్తూ ముందుకు ఉరికింది. "నేనే తుడిచాను. మా బావనేం అనకండి."

చెయ్యి చాపి గుప్పిట విప్పింది. పెచ్చు నలిగిపోయి, చెమటకు అంటుకుని అరచేయంతా ఎర్రటి పొడి. మేడం ఆ చెయ్యి పట్టుకుని చూసింది.

"మొత్తం ఇక్కడే ఉంది మేడం, ఎక్కడికీ పోలేదు," అంటూ ఆవిడ రెండో చేతి వేలితో ఆ పొడిని కూడగట్టసాగింది.